నిన్నటి గాలి

ఆ వసంతకాలంలో నా మొగుడు రోజూ పని నుంచి వచ్చేటప్పుడు ముందు ఇంకో ఆడదాని గుమ్మం తొక్కి, తర్వాత నా గుమ్మంలోకి వచ్చేవాడు.

మా ఊరు పెరామాలో ఇళ్ళన్నీ కొండను పట్టుకుని వేలాడుతున్నట్టుంటాయి. కింద సముద్రం. సముద్రం ఒడ్డున ఓడలు బాగుచేసే చోటు, దాన్ని జోన్ అంటాం. అక్కడి నుంచి పైకి మెట్లు. మా ఇల్లు ఆ మెట్ల మధ్యలో ఉంది. డెస్పినా ఇల్లు మాకంటే పైన. అంటే నా మొగుడు పాండెలిస్ మా తలుపు ముందు నుంచే, ఆగకుండా, ఎక్కి వెళ్ళిపోయేవాడు. వంటగదిలో నిలబడితే అతని బూట్ల చప్పుడు వినిపించేది. దగ్గరయ్యేది, తలుపు దాకా వచ్చేది, దాటిపోయేది.

డెస్పినా సవాస్ భార్య. ఈస్టర్‌కి ముందు చేసే పెద్ద ఉపవాసాలు మొదలైన వారంలోనే సవాస్ చనిపోయాడు. ఒక పాత చమురు ఓడ ట్యాంకులో తుప్పుపట్టిన పైపులు కోస్తుంటే మంట లేచింది. సవాస్ ట్యాంకు అడుగున ఉన్నాడు. పాండెలిస్ పైన డెక్ మీద, గ్యాస్ సిలిండర్ల దగ్గర ఉన్నాడు. ఇద్దరూ ఎప్పటినుంచో జోడీగా పనిచేస్తున్నారు. ఒకడు కింద కోస్తే ఒకడు పైన కాపలా. మా పెళ్ళిలో మా ఇద్దరి తలల మీద కిరీటాలు మార్చింది కూడా సవాసే. అలా మార్చినవాణ్ణి కుంబారో అంటాం, వాడి పెళ్ళాం కుంబారా; ఆవిడా నన్ను కుంబారా అనే పిలుస్తుంది. తోడబుట్టినవాళ్ళు పలకరించకపోయినా ఊరుకుంటారు గానీ, ఈ వరస తప్పితే ఊరు ఊరుకోదు.

అందుకని పాండెలిస్ ఆ ఇంటికి వెళ్ళడంలో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు పట్టడానికి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

మొదట్లో నేనూ వెళ్ళాను. చనిపోయిన తొమ్మిదో రోజు చర్చిలో పంచే కొలివకి గోధుమలు ఉడికించి, చక్కెర అద్ది, పైన బాదంపప్పులతో శిలువ పేర్చింది నేనే. డెస్పినా ఆ రోజు నల్లబట్టల్లో నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం సన్నబడింది. ఆ నలుపు ఆమెకు ఎంత అందంగా ఉందో అనుకుని కుళ్ళుకున్నాను. మొగుడు పోయినదాన్ని చూసి ఎవరైనా అలా అనుకుంటారా? నేను అనుకున్నాను. అదే సమయానికి పాండెలిస్, సవాస్ కూతురు మిర్టోని ఎత్తుకుని, దాని చెవిలో ఏదో చెబుతున్నాడు. మాకు పిల్లల్లేరు.

ఆ చావు గురించి ఊళ్ళో ఒక మాట నడిచేది. కాంట్రాక్టర్ లాంబ్రోస్ పోలీసులకూ పేపరు వాళ్ళకూ ఒకే కథ చెప్పాడు. సవాస్ ట్యాంకులో సిగరెట్ ముట్టించాడని. సవాస్ సిగరెట్లు కాల్చేవాడు. పొగగొట్టంలా కాల్చేవాడు. అందుకే ఆ మాట జనానికి సులువుగా ఎక్కింది. "పాపం, మంచివాడే, కానీ ఆ పాడలవాటు..." అనేవాళ్ళు. డెస్పినా ముందు కూడా అనేవాళ్ళు.

ఆ రోజు డెక్ మీద ఉన్నవాడు పాండెలిస్ ఒక్కడే. అతను ఏమీ అనలేదు.

*

బేకరీ దగ్గర పక్కింటి కలియోపి నన్ను ఆపింది. వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగల మనిషి.

"ఏమే అర్గిరో, మీ ఇంటికి పై అంతస్తు వేశారా?"

"లేదే. ఎందుకు?"

"ఏం లేదు. మీ ఆయన రోజూ మీ తలుపు దాటి పైకెక్కుతుంటే, వేశారేమో అనుకున్నా."

రొట్టెల కోసం నిలబడ్డ ఆడవాళ్ళు నేలచూపులు చూశారు. ఒకామె దగ్గింది.

"కుంబారా ఇల్లు. వెళ్ళకపోతే మీరే అంటారు, వెళ్తే మీరే అంటారు" అన్నాను.

"అయ్యో, నేనేమన్నానమ్మా! వెళ్ళాలి. చిన్న వయసు పిల్ల, ఒంటరిది. ఎవరో ఒకరు కనిపెట్టుకోవద్దూ?"

రొట్టె తీసుకుని వచ్చేశాను. మెట్లెక్కుతూ దాన్ని చంకలో ఎంత గట్టిగా నొక్కానో, ఇంటికొచ్చేసరికి మధ్యలో నడుము విరిగి ఉంది.

ఇంట్లో పాండెలిస్ నోట్లో నాలుక లేనట్టే ఉండేవాడు. ఉపవాసం రోజులు కదా, పప్పు, ఆలివ్‌లు, ఉల్లిపాయ. ముందు పెడితే చెంచాతో తిప్పుతూ కూర్చునేవాడు.

"అక్కడ తినొచ్చావా?"

"కాఫీ తాగా."

"కాఫీతో కడుపు నిండుతుందా?"

"ఆకలి లేదు అర్గిరో."

"ఏం మాట్లాడుకుంటారు అంతసేపు?"

"ఏముంటుంది. మిర్టో బడి సంగతి. కిటికీ రెక్క ఊడితే బిగించా."

"మన కిటికీ రెక్క పోయినేడు ఊడింది."

అతను తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు చూశాడు. "రేపు చూస్తా" అన్నాడు. మర్నాడు మళ్ళీ బూట్లు మా తలుపు దాటి వెళ్ళాయి.

అలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను బట్టలు మడతపెడుతుంటే, తనంతట తనే నోరు విప్పాడు.

"లాంబ్రోస్ పిలిపించాడు. మేస్త్రీగా ఉండమంటున్నాడు."

చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని ఉండిపోయాను. "మేస్త్రీగానా? అంటే ట్యాంకుల్లోకి దిగక్కర్లేదుగా?"

"అక్కర్లేదు. తెల్ల హెల్మెట్ పెట్టుకుని పైన నిలబడి పని చేయించాలి."

జోన్‌లో మొగుళ్ళున్న ఆడవాళ్ళు దేవుణ్ణి అడిగేది అదొక్కటే. కిందికి దిగకుండా ఉంటే చాలని. కానీ లాంబ్రోస్ చేతిలోంచి ఊరికే ఏదీ రాలదని నాకూ తెలుసు.

"బదులేం అడిగాడు?"

"ఎవరడిగినా నాకేం తెలీదనాలి. ఏప్రిల్ చివర్లో గేటు దగ్గర యూనియన్ వాళ్ళు సభ పెడతారుగా, పనిలో చచ్చిపోయినవాళ్ళ కోసం. అక్కడ నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడకూడదు. అంతే."

"మాట్లాడితే సవాస్ లేచొస్తాడా? తీసుకో. వెంటనే తీసుకో."

 అతను చాలా మామూలుగా అన్నాడు.

"డెస్పినాని ఒక మాట అడిగి చెప్తా."

దుప్పటి కింద పడేశాను. "ఎవర్నీ? ఎవర్ని అడగాలీ? ఈ ఇంట్లో పెళ్ళాం ఎవరు?"

"అరవకు. కలియోపి వింటుంది."

"విననీ! ఊరంతా విననీ! ఇన్నాళ్ళూ వాళ్ళు చెబితే నేను విన్నాగా!"

అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. పైకే.

*

మర్నాడు పాండెలిస్ పనిలో ఉన్న వేళ చూసి నేనూ మెట్లెక్కాను. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వెళ్ళాను. ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగలాలని.

డెస్పినా పెరట్లో పెద్ద డేగిసా పొయ్యి మీద పెట్టి బట్టలకు నల్లరంగు వేస్తోంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. పక్కన కుర్చీ మీద ఆమె ఆకుపచ్చ గౌను ఉంది, తెల్ల చుక్కలది. మిర్టో బాప్టిజం రోజున వేసుకుంది దాన్ని. అలాంటి గుడ్డ కోసం నేను పక్కనున్న పిరేయస్ పట్నంలో దుకాణాలన్నీ తిరిగాను, దొరకలేదు.

ఆమె నన్ను చూసింది, గౌను వైపు చూసింది. "నీకిది ఇష్టం కదూ? ఎప్పుడూ దీనివైపే చూసేదానివి. నోరు తెరిచి అడిగుంటే ఇచ్చేదాన్నిగా" అంటూ దాన్ని తీసి నల్లనీళ్ళలో వేసి కర్రతో అదిమింది.

పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. మిగిలిందొక్కటే.

"నా మొగుణ్ణి నాకిచ్చెయ్ డెస్పినా."

"తీసుకెళ్ళు. తాడేసి కట్టానా?" కర్ర తిప్పడం ఆపలేదు.

"రోజూ ఇక్కడేం చేస్తాడు?"

"ఏం చేస్తాడనుకుంటున్నావ్? సూటిగా అడుగు. ఆ కలియోపిలా అడక్కు."

నా వల్ల కాలేదు. ఆమే చెప్పింది.

"ఇదిగో, ఆ కుర్చీలో కూర్చుంటాడు. చేతులు వణుకుతాయి. కాఫీ సగం పళ్ళెంలోకి ఒలుకుతుంది. నేను తుడుస్తా. ఇదీ మా సరసం."

"మా ఇంట్లో ఎప్పుడూ వణకలేదే!"

"నీ ముందు ఎలా వణుకుతాడే? నీకు తెలిస్తే నువ్వు నిద్రపోవు. నాకెలాగూ నిద్ర లేదు కదా, నా దగ్గరైతే పర్లేదు."

"ఏం చెప్పాడు నీకు?"

"అది వాడు చెప్పుకోవాల్సింది. నన్నడక్కు, నేను చెప్పను."

"నీకు వాడి మీద కోపం రాదా? వాడు పైన ఉండి బతికొచ్చాడు, సవాస్..."

"వస్తుంది. రోజూ వస్తుంది. అందుకే రోజూ రమ్మంటా. ఎదురుగా చూస్తే కాస్త తగ్గుతుంది. చూడకపోతే పెరిగిపోతుంది." ఆమె కర్ర పక్కన పెట్టి, నల్లటి చేతుల్ని గాల్లో ఎత్తి పట్టుకుని, నా వైపు తిరిగింది. "నీకొక్కదానికే అనుకోకు కుంబారా, ఈ కుళ్ళు. జోన్‌లో పని వదిలే సైరన్ కుయ్యగానే నువ్వు మొగుడి కోసం వంటింటి కిటికీ తీస్తావ్. ఆ గొళ్ళెం చప్పుడు నాకిక్కడికి వినబడుతుంది. అది విన్నప్పుడల్లా నీ కిటికీ అద్దం పగలాలని కోరుకుంటా. అర్థమైందా? ఇంకేమైనా ఉందా అడగడానికి?"

ఏమీ లేదు. మెట్లు దిగి వచ్చేశాను.

నాకు తెలిసింది తక్కువేం కాదు. కలియోపి మాటలు అబద్ధం. నా మొగుడు తప్పు చేయలేదు. అయినా కడుపుమంట తగ్గలేదు, రెట్టింపయింది. అతను తన భయాన్ని మూటగట్టి తీసుకెళ్ళి ఇంకో ఆడదాని ఇంట్లో దాచుకున్నాడు. ముద్దు పెట్టుకున్నాడని తెలిసినా నాకు ఇంత మండేది కాదేమో.

*

ఆ వారంలోనే అతను తెల్ల హెల్మెట్‌తో ఇంటికొచ్చాడు. బల్ల మీద పెట్టాడు.

"ఒప్పుకున్నావా?"

"డెస్పినా తీసుకోమంది."

"నేనూ అన్నాగా!"

"అన్నావు."

"ఏమంది ఆవిడ?"

"నీకు పెళ్ళాం ఉంది, తీసుకో. గేటు దగ్గర ఏం చెప్పాలో నేను చెప్పుకుంటా, అంది."

నేను కోరుకున్నది నా బల్ల మీదే ఉంది, అయినా దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. నేను మొత్తుకుంటే రానిది ఆమె ఒక్క మాటతో వచ్చింది.

ఆనాటి నుంచి అతను డెస్పినా ఇంటికి వెళ్ళడం మానేశాడు. తెల్ల హెల్మెట్‌తో ఆ గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లలేదనుకుంటా. బూట్లు మా తలుపు దగ్గరే ఆగేవి. ఈస్టర్ వచ్చింది. నేను గుడ్లకు ఎర్రరంగు వేశాను, గొర్రెపిల్ల మాంసం వండాను, నా మొగుడు నా ఎదురుగా కూర్చున్నాడు. గెలిచాను అనుకున్నాను. కానీ అతను గోడతో మాట్లాడినంత కూడా నాతో మాట్లాడేవాడు కాదు. చేతులు బల్ల కింద పెట్టుకునేవాడు. ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు. తెలిసిందని అతనికి తెలియదు.

పైన ఆ ఇంట్లోనైనా ఆ చేతులు బల్ల మీద ఉండేవి.

*

సభ రోజు ఉదయానికి గేటు దగ్గర బాగానే జనం చేరారు. కానీ వాళ్ళలో పెద్దవాళ్ళూ ఆడవాళ్ళే ఎక్కువ. లాంబ్రోస్ కావాలనే ఆ రోజుకి ఒక చమురు ఓడ పని పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఓడ కదలాలి, ఎవరూ పని వదిలి రాకూడదు అని. పాండెలిస్ ఆ ఓడ మీదే ఉన్నాడు, మేస్త్రీగా.

గేటు పక్క గోడకు చనిపోయినవాళ్ళ ఫోటోలు వరసగా పెట్టారు. డెస్పినా సవాస్ ఫోటో పెట్టి, దాని ముందు ఎర్రపూలు పెట్టింది. ఆ ఆకుపచ్చ గౌను వేసుకుంది, ఇప్పుడది నలుపు. దగ్గరికి వెళ్తే చుక్కలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. ఆమె మాట్లాడబోతోందని అందరూ ఆమె చుట్టూ మూగారు. మంచినీళ్ళిచ్చేవాళ్ళు, భుజం తట్టేవాళ్ళు. నా పక్కన ఎవరూ లేరు. లాంబ్రోస్ మేస్త్రీ పెళ్ళాన్ని కదా.

అప్పుడు లోపలి నుంచి నికిఫోరోస్ అనే రంగులవాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. సవాస్ ఉన్నప్పుడు వాళ్ళతో కలిసి పనిచేసిన మనిషే.

"కెమిస్ట్ రాలేదు" అన్నాడు రొప్పుతూ. "నిన్న రాసిన చీటీ చూపించి దిగమంటున్నాడు లాంబ్రోస్. పాండెలిస్ మూత దగ్గర నిలబడి ఉన్నాడు, దిగమనడు, వద్దనడు. మనవాళ్ళు దిగడానికి పనిబట్టలు వేసుకుంటున్నారు."

జోన్‌లో పసిపిల్లకి కూడా తెలుసు ఆ నియమం. చమురు ఓడ ట్యాంకులో నిప్పు పని చేయాలంటే ఆ పొద్దున కెమిస్ట్ వచ్చి, లోపల గాలి పరీక్షించి, గ్యాస్ లేదని చీటీ అంటించాలి. ఎండెక్కితే అడుగున ఉన్న మడ్డిలోంచి గ్యాస్ మళ్ళీ పుడుతుంది. సవాస్ దిగిన రోజు కూడా చీటీ ముందురోజుదేనని నాకు తర్వాత తెలిసింది.

డెస్పినా చేతిలో పూలు కింద పెట్టి గేటు వైపు కదిలింది. జనం దారి ఇచ్చారు.

ఆమె వెళ్తుందని, ఆ డెక్ మీద నిలబడి నా మొగుణ్ణి ఆపుతుందని, అతను ఆమె మాట విని ఆగుతాడని నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. మళ్ళీ ఆమె మాటే. నేను వెళ్ళి ఆమె జబ్బ పట్టుకున్నాను.

"నువ్వాగు. వాడు నా మొగుడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏం చూసిందో. చెయ్యి విడిపించుకోలేదు, వెనక్కి తగ్గింది.

గేటు కాపలావాడు "అమ్మా, ఆడవాళ్ళు లోపలికి..." అంటుండగానే దాటిపోయాను. చర్చికి వేసుకునే ఎత్తు మడమల చెప్పులు. ఓడ మెట్ల మీద ఒకటి ఇరుక్కుంటే రెండూ వదిలేశాను. డెక్ ఇనుము అప్పటికే వేడెక్కింది.

ట్యాంకు మూత తెరిచి ఉంది. గుండ్రటి కన్నం, మనిషి పట్టేంత. చుట్టూ మగాళ్ళు. లాంబ్రోస్ మెడలో తువ్వాలుతో, నవ్వుముఖంతో ఉన్నాడు. పాండెలిస్ తెల్ల హెల్మెట్ పెట్టుకుని శవంలా నిలబడ్డాడు.

"ఓహో, అర్గిరో! మొగుడికి భోజనం తెచ్చావా?" అన్నాడు లాంబ్రోస్. "ఇంటికెళ్ళమ్మా, పొయ్యి మీద పప్పు మాడుతుంది."

నేను అతని వైపు చూడలేదు. "పాండెలిస్, గ్యాస్ చూశారా?"

"నిన్న చూశారు" అన్నాడు పాండెలిస్. కన్నంలోకే చూస్తున్నాడు.

"నిన్నటి గాలే ఇవాళ్టికీ ఉంటుందా లోపల?"

ఒకతను వేసుకున్న చేతి తొడుగు తీసేశాడు.

"చూడమ్మా" అన్నాడు లాంబ్రోస్, నవ్వు తగ్గించి. "కెమిస్ట్ దారిలో ఉన్నాడు. ఈలోపు వీళ్ళు మొదలుపెడతారు. నీకు తెలీని విషయాల్లో..."

"దారిలో ఉంటే రానీ. వచ్చాకే దిగుతారు."

"ఓడ సాయంత్రం కదలాలి!"

"కదలకపోతే ఉంటుంది. మునగదుగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. లాంబ్రోస్ ముఖం ఎర్రబడింది. "ఒరేయ్ పాండెలిస్, నీ పెళ్ళాన్ని పక్కకి లాగు! మేస్త్రీవి నువ్వా, ఇదా?"

పాండెలిస్ నా వైపు ఒక అడుగు వేశాడు. లాగుతాడేమో అనిపించింది. ఏం చేయాలో తోచక, వెళ్ళి ఆ కన్నం అంచు మీదే, దారికి అడ్డంగా కూర్చున్నాను. మంచి గౌను, మడ్డి, గ్రీజు, ఏదీ చూసుకోలేదు. కింద నుంచి చల్లటి గాలి, చమురు కంపు తొడలకు తగిలింది. ఇలాంటి చీకట్లోనే సవాస్ చచ్చిపోయాడని అప్పుడు గుర్తొచ్చింది. అయినా లేవలేదు.

"నేను లేస్తేగా ఎవడైనా దిగేది" అన్నాను.

పాండెలిస్ నా ముందు నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. అందరూ చూస్తుండగా, నేను చూస్తుండగా వణుకుతున్నాయి. దాచుకోలేదు. ఆ వణికే చేతులతోనే హెల్మెట్ తీసి లాంబ్రోస్ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"కెమిస్ట్ వచ్చేదాకా ఎవరూ దిగొద్దు" అన్నాడు మనుషులతో.

వాళ్ళు ఇనుము కోసే గ్యాస్ టార్చ్‌లు కింద పెట్టారు. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకతను నాకు నీళ్ళ సీసా ఇచ్చాడు.

*

కెమిస్ట్ మధ్యాహ్నానికి వచ్చాడు. గొట్టం దించి, మీటరు చూసి, "గ్యాస్ లేదు. శుభ్రంగా ఉంది" అన్నాడు.

లాంబ్రోస్ పగలబడి నవ్వాడు. "చూశారా? ఒక పిచ్చిదాని మాట విని రోజు పని పోగొట్టుకున్నారు!"

మగాళ్ళు తలలు దించుకున్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడు థోమాస్ అని, వాళ్ళందరిలోకీ పెద్దవాడు, మెల్లగా అన్నాడు. "లేదని ఇప్పుడు తెలిసింది. పొద్దున తెలీదు కదా." చెప్పి గేటు వైపు నడిచాడు. మిగతావాళ్ళూ అతని వెనకే నడిచారు. ఆ ఓడ ఆ సాయంత్రం కదల్లేదు.

గేటు దగ్గర పేర్లు చదువుతున్నారు. ఒక్కో పేరుకూ జనం "అమరుడు" అంటున్నారు. సవాస్ పేరు చదివాక డెస్పినా మాట్లాడటానికి లేచింది. కానీ పాండెలిస్ ముందుకొచ్చి మైకు అడిగాడు. ఆమె ఇచ్చింది.

"సవాస్ సిగరెట్ ముట్టించలేదు" అన్నాడు. "పైనుంచి టార్చ్‌కి గ్యాస్ వదిలి, వెలిగించమని కేకేసింది నేను. చీటీ పాతదని నాకు తెలుసు. సవాస్‌కీ తెలుసు. లాంబ్రోస్‌కీ తెలుసు. తెలిసే కేకేశాను. వాడు వెలిగించాడు."

ఇంకేదో చెప్పబోయాడు, రాలేదు. మైకు తిరిగి ఇచ్చేశాడు.

నేను డెస్పినా ముఖం చూశాను. ఆమె కనురెప్ప కూడా కదల్లేదు. ఆమెకు ముందే తెలుసు. వారాల తరబడి తెలుసు. ఊరంతటితో కలిసి, ఊళ్ళో ఒకదానిలా, నేను ఇప్పుడు వింటున్నాను. డెక్ మీద నేను కూర్చున్న గర్వమంతా ఆ క్షణంలో చల్లారిపోయింది.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. సిగరెట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కేసు తిరగదోడారు. లాంబ్రోస్‌ను పిలిచారు, పాండెలిస్‌నూ పిలిచారు, ఇద్దరి మీదా నేరం మోపారు. జోన్‌లో అతనికి ఎవరూ పని ఇవ్వలేదు. ఎదురుగా సలమీనా ద్వీపంలో పడవలు బాగుచేసే చిన్న చోట పనికి కుదిరాడు, పొద్దున్నే ఫెర్రీ ఎక్కి వెళ్ళేవాడు. ఆ వేసవిలో మాత్రం జోన్‌లో కెమిస్ట్ రాకుండా ఎవరూ దిగలేదని నికిఫోరోస్ చెప్పాడు. వచ్చే ఏడాది సంగతి తెలీదన్నాడు.

*

మే చివర్లో ఒక మధ్యాహ్నం, నేను చిక్కుళ్ళు ఒలుస్తుంటే పాండెలిస్ ఎదురుగా కూర్చుని, తనూ ఒలవడం మొదలుపెట్టాడు. చేతులు వణికి గింజలు నేల మీద పడుతున్నాయి. నేను ఏరుతున్నాను.

"నీకు చెప్పనిది ఒకటుంది" అన్నాడు.

"డెస్పినాకి చెప్పావుగా."

"దానిక్కూడా చెప్పలేదు."

ఎంత సిగ్గు లేకపోతే, ఆ మాటకు నా గుండె ఎగిరి గంతేసింది. "చెప్పు" అన్నాను.

అతను చెప్పాడు. మంట లేచాక సవాస్ వెంటనే చనిపోలేదు. కింద నుంచి పిలిచాడు. పాండెలిస్, పాండెలిస్ అని పేరు పెట్టి పిలిచాడు. పొగలో పాండెలిస్ సగం దాకా దిగి, ఊపిరి ఆడక వెనక్కి వచ్చాడు. రెండోసారి దిగబోతే, పక్క ఓడ నుంచి పరిగెత్తుకొచ్చినవాళ్ళు పట్టుకున్నారు. పిలుపు చాలాసేపు వినిపించింది. మొదట గట్టిగా, తర్వాత మామూలు గొంతుతో, పక్కగదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు.

"డెస్పినాతో, వెంటనే పోయాడని చెప్పా" అన్నాడు. "ఏమీ తెలీకుండా పోయాడని."

చిక్కుళ్ళు అలాగే ఉండిపోయాయి. ఆ రోజు మేం ఏమీ వండుకోలేదు.

తర్వాత ఆదివారం ప్రార్థన అయ్యాక డెస్పినా మా ఇంటికి వచ్చింది. సవాస్ పోయాక ఆమె మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. మిర్టో పాండెలిస్‌తో వీధిలోకి వెళ్ళింది. నేను కాఫీ పెట్టాను. ఇద్దరం బల్లకు చెరోవైపు కూర్చున్నాం. చాలాసేపు ఎండల గురించి, పిల్ల బడి గురించి మాట్లాడుకున్నాం. వెళ్ళబోయే ముందు ఆమె కప్పును పళ్ళెంలో తిప్పుతూ అంది.

"ఒక్కటే నన్ను నిలబెట్టింది కుంబారా. సవాస్ వెంటనే పోయాడట. బాధ తెలిసేంత టైము కూడా లేదట. అది లేకపోతే నేను బతికేదాన్ని కాదు." తలెత్తి నా కళ్ళలోకి చూసింది. "పాండెలిస్ నీకూ అలాగే చెప్పాడా?"

"ఆ. నాకూ అలాగే చెప్పాడు" అన్నాను.

ఆమె తల ఊపింది. మిగిలిన కాఫీ నెమ్మదిగా తాగింది. ఆ మాటను అలా నమ్మి, అలా తాగగలుగుతున్నందుకు, ఆమెను చూసి నాకు మళ్ళీ అసూయ కలిగింది.